రక్తం పుట్టిల్లు: ఫ్రాన్సువాజ్ దిటెర్లెన్-లియేవ్ర్ పరిశోధన

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడేటప్పుడు రక్తం ప్రస్తావన తేవడానికి వేరే సాకు అక్కర్లేదు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. చూడడానికి దాన్నే పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ కూడా అక్కడినుంచే వచ్చింది. దాంతో 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకీమియా సోకిన పిల్లల్లో జబ్బును కొంతకాలం పాటైనా వెనక్కి నెట్టగలిగాడు. ఒకటి రక్తం తయారీకి కావలసిన పదార్థం, రెండోది అదుపు తప్పిన తయారీకి కళ్లెం వేసే పదార్థం. రెండింటికీ రంగస్థలం ఎముక మూలుగే. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగులో రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు కొత్తగా తయారవుతాయి. ఒక్కొక్కటీ 120 రోజులు తిరిగి రాలిపోతుంది. ఇంత ఉత్పత్తికీ మూలధనం కొద్దిపాటి రక్త మూలకణాలు. తమలాంటివాటిని తామే పుట్టించుకుంటూ, అన్ని రకాల రక్తకణాలకూ తల్లులయ్యే కణాలివి. మూలుగులో ఇలాంటి కణాలున్నాయనడానికి ప్రయోగపూర్వకమైన మొదటి గట్టి ఆధారాన్ని 1961లో టొరాంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లాక్ ఇచ్చారు. అసలు ఇవి మూలుగులోకి ఎక్కడినుంచి వచ్చాయి? ఈ ప్రశ్న మీద దశాబ్దాల పాటు పనిచేసిన ఫ్రెంచి పిండశాస్త్రవేత్త ఫ్రాన్సువాజ్ దిటెర్లెన్-లియేవ్ర్ పరిశోధన గురించే ఈ ఉపన్యాసం.

నా వాదం ముందే చెప్పేస్తాను. ఒక కణం ఫలానా చోట కనిపించిందనడం ఒక మాట, అది అక్కడే పుట్టిందనడం వేరే మాట. మొదటిదానికి మంచి సూక్ష్మదర్శిని చాలు. రెండోదానికి రక్తప్రసరణ మొదలుకాకముందే పిండంలోని భాగాలను విడదీయాలి, ఒక భాగానికి చెరగని గుర్తుండాలి, ఆ గుర్తున్న కణాల సంతతి చివరికి ఎక్కడ తేలిందో చూడాలి. గుండె కొట్టుకోవడం మొదలైతే రక్తం అన్ని మూలలకూ పారుతుంది, ఆ తర్వాత ఎక్కడ వెతికినా దొరికేది రాకపోకల లెక్కే. ఇమ్లీబన్ బస్టాండులో కనిపించిన వాళ్లందరినీ హైదరాబాదులో పుట్టినవాళ్లుగా రాసుకుంటే ఎలా ఉంటుందో, ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం రక్తం పుట్టుక గురించిన లెక్క అలాగే నడిచింది. దిటెర్లెన్ చేసిన మేలు ఆ రెండు మాటలనూ విడదీయడం. అయితే ఆమెకు దొరికిన జవాబు కోడిగుడ్డులోంచి వచ్చింది. క్షీరదాల మీద పనిచేసేవాళ్లు దాన్ని దాదాపు పద్దెనిమిదేళ్లు పక్షుల ముచ్చటగానే చూశారు. ఆ జాప్యానికి సాక్ష్యాల కొరత కంటే జంతువుల మధ్య మనం పెట్టుకున్న హెచ్చుతగ్గులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ముందుగా, ఆమె ఎవరితో విభేదించిందో వాళ్ల పక్షం న్యాయంగా చెప్పాలి. పొదుగు పెట్టిన రెండోరోజు కోడిగుడ్డు పగలగొట్టి చూస్తే పచ్చసొన మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. రక్తం మొట్టమొదట కనిపించేది అక్కడే, పిండం ఒంట్లో కాదు. సొనను ఆవరించి ఉండే పొరనే పచ్చసొన సంచి అంటాం. క్షీరదాల గుడ్డులో సొన లేకపోయినా ఆ సంచి మాత్రం మిగిలింది, రక్తం మొదట అగుపించేది వాటికీ అందులోనే. తర్వాత కాలేయం, ప్లీహం, చివరికి మూలుగు ఆ పని అందుకుంటాయి. 1960లలో మాల్కమ్ మూర్, జాన్ ఓవెన్ రెండేసి కోడి పిండాల రక్తనాళాలను కలిపి పెంచారు. ఒకటి ఆడది, ఒకటి మగది అయినప్పుడు క్రోమోజోములను బట్టి ఏ కణం ఎవరిదో చెప్పొచ్చు. థైమస్‌లో, ప్లీహంలో, మూలుగులో రెండు పిండాల కణాలూ కలగలిసి కనిపించాయి. అంటే ఈ అవయవాలు రక్తకణాలను సొంతంగా పుట్టించుకోవు, విత్తనం రక్తంలో కొట్టుకొచ్చి వాటిలో నాటుకుంటుంది. ఇది చాలా గొప్ప ఫలితం, ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఆ విత్తనం ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం వాళ్లు అందుబాటులో ఉన్న జవాబే తీసుకున్నారు: రక్తం ముందు కనిపించేది పచ్చసొన సంచిలో గనుక అక్కడిదే. 1970లో మూర్, డొనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుక పిండాలను సంచి లేకుండా గాజుపాత్రలో పెంచి, సంచి లేని పిండంలో రక్తపు కాలనీలు రావడం లేదని చూపించారు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు ఆ విషయాన్ని తేలిపోయినదిగా రాసుకున్నాయి.

దిటెర్లెన్ రక్తం మీదికి వచ్చింది క్లోమం దారిలో. పారిస్ శివార్లలోని నోజాన్-సుర్-మార్న్‌లో, పిండాల వైకల్యాల మీద పేరుపొందిన ఎతియెన్ వోల్ఫ్ నడిపిన పిండశాస్త్ర సంస్థలో, కోడి పిండంలో క్లోమం రూపుదిద్దుకునే తీరు మీద ఆమె తొలి పరిశోధన సాగింది. అక్కడ అబ్బిన చేతి నైపుణ్యమే రక్తం ప్రశ్నకు పనికొచ్చింది. కావలసిన గుర్తు మరొకచోట దొరికింది. 1969లో నాంత్‌లో నికోల్ లె ద్వారెన్ ఒక చిన్న విషయం గమనించింది. కౌజుపిట్ట కణాల కేంద్రకంలో డీఎన్‌ఏలో కొంత భాగం కేంద్రకాంశం దగ్గర ఒకేచోట ముద్దకట్టి ఉంటుంది. ఫాయిల్గెన్ రంగు వేస్తే అది ముదురు చుక్కలా తేలుతుంది. కోడి కణంలో ఆ పదార్థం చెదురుగా పరుచుకొని ఉంటుంది కాబట్టి చుక్క కనపడదు. ఈ గుర్తు కణం విభజన చెందినా చెరగదు, పలచబడదు, పక్క కణానికి అంటుకోదు. కౌజు పిల్లకు కోడిపిల్లకు మధ్య పొదుగు కాలంలో నాలుగైదు రోజుల తేడా ఉన్నా, తొలిరోజుల్లో రెండు పిండాలూ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి గనుక ఒకదాని ముక్క రెండోదానిలో కుదురుతుంది.

ఆ ప్రయోగాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాదనంతా దాని రూపంలోనే ఉంది. పొదుగు పెట్టిన రెండోరోజు కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోస్తారు. పచ్చసొన మీద అప్పటికి పిండం కొన్ని మిల్లీమీటర్ల గీత మాత్రమే. రక్తప్రసరణ కుదురుకోలేదు. ఆ గీత చుట్టూ సన్నగా కోసి, కోడి పిండాన్ని తీసేస్తారు. దాని సంచిని మాత్రం ఉన్నచోటే ఉంచుతారు. అదే వయసు కౌజు పిండాన్ని దాని సంచినుంచి కత్తిరించి తెచ్చి, ఈ ఖాళీలో పరిచి, అంచుకు అంచు అతుక్కునేలా సర్దుతారు. కిటికీ మూసి గుడ్డును మళ్లీ పొదుగులో పెడతారు. బతికిన ప్రతి గుడ్డులోనూ ఒళ్లు కౌజుది, సంచి కోడిది. సంచి కణాలే రక్తానికి మూలమైతే, పిండం పెరిగాక దాని థైమస్‌లో, ప్లీహంలో, మూలుగులో కోడి కణాలు ఉండాలి. దిటెర్లెన్ పలచని కోతలు తీసి, రంగు వేసి, కేంద్రకాలను ఒక్కొక్కటిగా చూసింది. ఆ అవయవాల్లోని రక్తజాతి కణాల్లో చుక్క ఉంది. అవి కౌజువి, అంటే పిండం ఒంట్లో పుట్టినవి. తొలిరోజుల్లో రక్తంలో తిరిగిన ఎర్రకణాలు మాత్రం సంచివే, వాటి స్థానాన్ని క్రమంగా పిండం కణాలు ఆక్రమించాయి. 1975లో అచ్చయిన ఆ వ్యాసం తేల్చింది ఇదీ: సంచి ఇచ్చేది పిండానికి అత్యవసరమైన తొలి రక్తం, జీవితాంతం నడిచే రక్తానికి మూలకణాలు పిండం లోపలే పుడతాయి.

దీని మీద వచ్చిన మొదటి ఆక్షేపణ సబబైనదే. రెండు జాతులను కలిపితే పరాయి జాతి కణాలు పోటీలో వెనకబడి ఉండొచ్చు. కౌజు థైమస్‌లోకి కోడి కణాలు రాలేదంటే అవి లేవని అర్థమా, లేక అక్కడ వాటికి నిలదొక్కుకోవడం చేతకాలేదనా? ఈ ప్రశ్నకు ఆమె మాటలతో జవాబు చెప్పలేదు. ఫిన్లండ్ పరిశోధకులు ఒల్లి లస్సీలా, పావో తోయివానెన్ మొదలైన వాళ్లతో కలిసి కోడి సంచి మీద కోడి పిండాన్నే అతికే పని చేసింది. ఈసారి గుర్తు ఆడ, మగ క్రోమోజోములు. 1978లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ ఫలితమూ అదే మాట చెప్పింది. ఆక్షేపణ వచ్చినచోట దాన్ని పరీక్షించే ప్రయోగం కట్టడం ఆమె పని తీరు. సహోద్యోగి క్లాద్ మార్టాన్‌తో కలిసి ఆ మూలం పిండంలో ఏ భాగంలో ఉందో వెతకడమూ అలాంటిదే. వీపు వెంట పరుగెత్తే పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని గోడలో, దాని పరిసరాల్లో కణాల గుంపులు కనిపించాయి. అప్పటికి అవి ‘ఉన్న’ కణాలే. ‘పుట్టిన’ కణాలని అనడానికి మరికొంతకాలం పట్టింది.

రెండో ఆక్షేపణ వేరు రకం: పక్షులు క్షీరదాలు కావు. ఇది కూడా అడగదగినదే. ఎలుకలో మూర్, మెట్‌కాఫ్ ప్రయోగం ఉన్నప్పుడు పక్షిని ఎందుకు నమ్మాలి? అయితే ఆ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఎలుక ప్రయోగంలో లొసుగు ఎక్కడుందో 1970లలోనే కనిపించాల్సింది. వాళ్లు లెక్కపెట్టింది గాజుపాత్రలో కాలనీలు కట్టే కణాలను. అవి సంచిలో నిజంగానే ఉన్నాయి. కానీ కాలనీ కట్టగలిగిన ప్రతి కణమూ జీవితాంతం రక్తాన్ని నడిపే మూలకణం కాదు. లింఫ్ కణాలను ఇవ్వగలదా, పెద్ద జంతువు మూలుగును తిరిగి నింపగలదా అని వాళ్లు అడగలేదు. దిటెర్లెన్ పక్షుల్లో అడిగినది సరిగ్గా అదే, ఎందుకంటే ఆమె చూసింది కాలనీల్ని కాదు, పెరిగిన పిండం అవయవాల్ని. తక్కువ జంతువులో మెరుగైన ప్రశ్న, ఎక్కువ జంతువులో లోపమున్న ప్రశ్న ఎదురుబొదురుగా నిలిచాయి. విజ్ఞానలోకం జంతువు హోదా చూసింది. నన్నడిగితే ఇది ఒక్క రక్తశాస్త్రానికే పట్టిన అలవాటు కాదు, కానీ ఆ సంగతి ఈ ఉపన్యాసానికి అవతలిది.

ఎలుకలో తలుపు తెరుచుకున్నది 1993లో, ఒకే ఏడాది రెండు వైపుల నుంచి. అలెగ్జాండర్ మెద్విన్‌స్కీ, ఇలేన్ జియర్‌జాక్ బృందం కాలేయానికి ముందే పిండం ఒంట్లో, బృహద్ధమని, జననగ్రంథులు, ఆదిమ మూత్రపిండం ఉండే ప్రాంతంలో రక్త జనక కణాలున్నాయని చూపించింది. ఇజబెల్ గొదాఁ, దిటెర్లెన్‌లతో కూడిన ఫ్రెంచి బృందం బృహద్ధమని పక్కనుండే కణజాలంలో బి-లింఫ్ కణాల జనకాలను పట్టుకుంది. అసలు తీర్పు 1996లో వచ్చింది. అనా కుమానో, దిటెర్లెన్, గొదాఁ ఎలుక పిండాన్ని, దాని సంచిని రక్తప్రసరణ మొదలుకాకముందే వేరుచేసి పెంచారు. సంచి ఎర్రకణాలనూ, కొన్ని రకాల తెల్లకణాలనూ ఇచ్చింది. లింఫ్ కణాలు మాత్రం పిండం భాగంనుంచే వచ్చాయి. అంటే మూర్, మెట్‌కాఫ్ చూసింది నిజం, తేల్చింది మాత్రం చూసినదానికి మించి. అదే ఏడాది మెద్విన్‌స్కీ, జియర్‌జాక్ పెద్ద ఎలుక రక్తాన్ని పూర్తిగా తిరిగి నింపగల మూలకణాలు ముందు పుట్టేది ఆ బృహద్ధమని ప్రాంతంలోనేనని నిరూపించారు. పదకొండో రోజు ఎలుక పిండంలో అలాంటి కణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవని తర్వాతి లెక్కలు చెప్పాయి. ఇంత అరుదైన కణాన్ని పట్టుకోవడానికి ఎలుకలో ఇన్నేళ్లు పట్టడం అంత వింతేమీ కాదని ఎవరైనా అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ వెతకాల్సిన చోటు 1975 నుంచీ అచ్చులో ఉంది. ఆ 1996లోనే మాన్వెలా తావియాన్, బ్రూనో పేఓ, దిటెర్లెన్ మొదలైనవాళ్లు ఐదో వారంలోని మానవ పిండంలో బృహద్ధమని అడుగున అంటుకుని ఉన్న రక్తకణాల గుంపులను వర్ణించారు.

ధమని గోడకు అంటుకుని ఉండటం, ధమని గోడలోంచి పుట్టడం ఒకటేనా? ఇక్కడ మళ్లీ పాత ప్రశ్నే. రక్తనాళాల లోపలి పొరలోంచి రక్తకణాలు వస్తున్నాయని అమెరికాలో ఫ్లోరెన్స్ సేబిన్ 1920లోనే, బతికున్న కోడి పిండాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి రాసింది. మరి దిటెర్లెన్ కొత్తగా కనుక్కున్నదేముందని అడిగేవాళ్లుంటారు. చూపుకు, రుజువుకు మధ్య ఉన్న దూరమే దానికి జవాబు. సేబిన్ చూసినదాన్ని మరొకరు వేరేలా చదవగలిగారు, దశాబ్దాలపాటు చదివారు కూడా. 1998లో తియెరీ జఫ్రెడో, దిటెర్లెన్ బృందం కోడి పిండం రక్తంలోకి మెరిసే రంగు అంటించిన ఒక రకం కొవ్వు రేణువులను ఎక్కించింది. నాళాల లోపలి పొర కణాలు వాటిని ఆబగా మింగుతాయి. రంగు ఎక్కించిన సమయానికి ధమని అడుగున గుంపులు ఇంకా లేవు. మర్నాటికి గుంపులు కట్టాయి, వాటిలోని రక్తకణాల్లో ఆ రంగుంది. నాళపు గోడ కణమే రక్తకణమైందన్నమాట. ఆపై 2010 మార్చిలో ‘నేచర్’ ఒకే సంచికలో మూడు వ్యాసాలు వేసింది. వాటిలో పారిస్ పాస్టర్ సంస్థకు చెందిన ఫిలిప్ హెర్బొమెల్, కరీమా కిస్సా జీబ్రాచేప పిల్ల ఒంట్లో జరిగేదాన్ని బతికుండగానే చిత్రీకరించారు: ధమని అడుగునున్న పలచని కణం విల్లులా వంగుతుంది, అంచులు పక్క కణాల నుంచి విడివడతాయి, గుండ్రంగా మారి గోడ వదిలి వెళ్లిపోతుంది, వదిలిన ఖాళీని పొరుగు కణాలు కలిసి మూసేస్తాయి. విభజన కూడా లేకుండా, ఒక కణం ఉద్యోగం మారినట్టే జరుగుతుంది.

ఇక అన్నింటికంటే బరువైన ఆక్షేపణ సంచి పక్షం నుంచి వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2007లో కోబేలో ఇగోర్ సమొఖ్వలోవ్, షిన్-ఇచి నిషికావా బృందం ఏడున్నర రోజుల ఎలుక పిండంలో రక్తం తయారీకి అవసరమైన రన్‌ఎక్స్1 జన్యువు పనిచేసే కణాలకు ఒక మందు సాయంతో శాశ్వతమైన గుర్తు పెట్టింది. ఆ వయసులో అలాంటివి ప్రధానంగా సంచిలోనే ఉంటాయి, వాటి సంతతి పెద్ద ఎలుక మూలకణాల్లోనూ తేలింది. మరుసటి ఏడాది మరో ప్రయోగం: గుండె కొట్టుకోని ఎలుక పిండాల్లో రక్త జనక కణాలు దాదాపు అన్నీ సంచిలోనే దొరికాయి, పిండం ఒంట్లో లేవు. రక్తప్రసరణే లేనప్పుడు రాకపోకల సందేహం లేదు కదా, కాబట్టి సంచే మూలం అని వాదన. వినడానికి దిటెర్లెన్ తర్కాన్నే తిప్పి కొట్టినట్టుంది. కానీ 2009లో ఇద్దరు పరిశోధకుల బృందాలు, లెనార్డ్ జాన్‌వి, జార్జ్ డేలీవి, మరో సంగతి చూపించాయి. ధమనిలో రక్తం పారే ఒత్తిడి, ఆ పారుదల గోడను రాసుకుంటూ పోవడం మూలకణాలు పుట్టడానికి కావలసిన సంకేతాల్లో ఒకటి. గుండె ఆగిన పిండంలో ప్రయాణాలు ఆగిపోయాయి, నిజమే. ప్రసవం కూడా ఆగిపోయింది. అలాంటి పిండంలో ధమని మూలకణాలు లేవంటే అది ధమనికి శక్తి లేదనడానికి సాక్ష్యం కాదు. సమొఖ్వలోవ్ ప్రయోగానికి వచ్చే చిక్కు వేరు. గుర్తు పెట్టే మందు ఒంట్లో ఎన్ని గంటలు నిలుస్తుంది, ఆ గంటల్లో ధమని వైపు కణాలు కూడా గుర్తు పడ్డాయా అన్న అనుమానం పూర్తిగా తీరలేదు. అయినా కొన్ని కణాలు సంచినుంచి ధమనికి వలస వచ్చి అక్కడ పక్వమవుతాయని అనుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. దిటెర్లెన్ ప్రయోగం కూడా దాన్ని కొట్టిపారేయలేదు. రక్తప్రసరణకు ముందు విడదీసిన పిండం సంచి సాయం లేకుండానే ఆ పని చేయగలదని మాత్రమే చెప్పింది.

సంచికి ఆమె వాదం అన్యాయం చేసిందనీ చెప్పలేం. సంచి ఇచ్చేది తాత్కాలిక రక్తమే అన్న భాగం మాత్రం సవరణ కోరింది. మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలు సంచిలో పుట్టిన ఆదిమ కణాల సంతతి అని 2010లో ఫ్లోరాఁ జాన్‌హూ తదితరులు చూపించారు. అవి మూలుగు సాయం లేకుండా తమను తాము నిలుపుకుంటూ పెద్ద వయసు వరకూ మెదడులోనే ఉంటాయి. అంటే సంచి కణాలు రక్తంలోంచి వెళ్లిపోయినా ఒంట్లోంచి వెళ్లిపోలేదు. 2022లో ఫెర్నాండో కమార్గో బృందం ఎలుక పిండంలో కణాలకు జన్యుపరమైన గుర్తులు వేసి చూస్తే, మూలకణాలతో పాటే ధమని ప్రాంతంలో మరో రకం జనకకణాలు వేరుగా పుడుతున్నాయనీ, తర్వాతి జీవితంలో లింఫ్ కణాలకు అవి చాలాకాలం దన్నుగా ఉంటాయనీ తేలింది. ఒక్క పుట్టిల్లు అన్నచోట రెండు మూడు ఇళ్లు బయటపడుతున్నాయి. ఒక్కొక్కదాని చిరునామా రాసేటప్పుడు పరిశోధకులు ఇప్పుడు తప్పనిసరిగా రక్తప్రసరణకు ముందా, తర్వాతా అని చెబుతున్నారు.

ఇంత సూక్ష్మమైన తగువు వల్ల రోగికి ఒరిగేదేమిటన్న ప్రశ్న మిగిలింది. తలసీమియా పిల్లలకు, మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్‌తో బాధపడేవాళ్లకు మూలకణాల మార్పిడి ఒక్కటే చాలాకాలం అసలైన చికిత్స. సొంత తోబుట్టువు కణాలు సరిపోలే అవకాశం నాలుగింట ఒకటి. దాత దొరకనివాళ్లకు వాళ్ల చర్మకణాలనుంచే మూలకణాలు చేసి ఇవ్వగలిగితే చాలు అన్నది పాతికేళ్ల కల. గాజుపాత్రలో ఎర్రకణాలు చేయడం సులువుగానే కుదిరింది, మార్పిడి చేస్తే నిలిచే మూలకణాలు మాత్రం ఎంతకీ రాలేదు. కారణం ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది: పాత్రలోని కణాలు సంచి దారి పట్టేవి. వాటిని బృహద్ధమని దారి పట్టించాలి. 2024లో మెల్‌బోర్న్‌లో ఎలిజబెత్ ఎంగ్, ఎడ్వర్డ్ స్టాన్లీ, ఆండ్రూ ఎలిఫాంటీ బృందం ఆ పనే చేసింది. మామూలు కణాలనుంచి వెనక్కి తిప్పిన మానవ మూలకణాలను, పిండం నడిచే క్రమంలోనే ఒక్కో సంకేతం అందిస్తూ, మధ్యలో విటమిన్-ఏ జాతి పదార్థం ఒకటి చేర్చి, ధమని గోడ లాంటి కణాలుగా, ఆపైన రక్త మూలకణాలుగా మలిచింది. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే కొన్నిటిలో అవి మూలుగు చేరి, నెలల తరబడి పలు రకాల మానవ రక్తకణాలను ఇచ్చాయి. అన్ని ఎలుకల్లోనూ కాదు. మనుషులకు ఎక్కించే ముందు, నిలవని ఎలుకల్లో ఎందుకు నిలవలేదో తేలాలి. మూలుగు చేరిన ఒక్కో కణం ఎంత సంతతిని ఇస్తోందో కూడా లెక్క తేలాలి.